వదిలేసిన అమావాస్య

ఇందుమతి ప్రశ్నలు మొదలుపెడితే ఎదుటివాళ్ళ కుర్చీ వేడెక్కాల్సిందేనని ఆసుపత్రిలో అందరూ నవ్వుకునేవారు. ఆమె డాక్టరు కాదు, పోలీసూ కాదు. కాకినాడలో ఒక పిల్లల ఆసుపత్రిలో కేసు చరిత్ర రాసే మనిషి. తలకి దెబ్బ తగిలిన పసిపిల్లని ఎవరైనా తీసుకొస్తే, ఆ పిల్ల కడుపున పడిన నాటి నుంచి ఆసుపత్రి గుమ్మం తొక్కేదాకా ఏమేం జరిగిందో ఇంట్లోవాళ్ళని అడిగి రాయడం ఆమె పని. కాన్పు తేలిగ్గా అయిందా, పుట్టగానే ఏడ్చిందా, బొడ్డు ఎన్నో రోజున ఊడింది, నీళ్ళెవరు పోస్తారు, ఉయ్యాల నేలకి ఎంత ఎత్తు, ఇంట్లో ఎవరికి కోపమెక్కువ. ఇరవై నాలుగు పేజీల ఫారం, అందులో ఒక్క గడి ఖాళీగా ఉన్నా ఆమెకి అన్నం సహించదు.

"ఇది కేసు చరిత్రా, పెళ్ళిసంబంధమా?" అని డాక్టర్ మోజెస్ ఏడిపించేవాడు. గొడుగు వచ్చాక ఆయన కూడా ఆ హాస్యం మానేశాడు.

దాని అసలు పేరు స్పర్శలేఖిని. రాగి ఊచలు విప్పుకుని ఉయ్యాల మీద నిలబడి ఉంటుంది గనక ఆయాల దగ్గర్నుంచి డాక్టర్ల దాకా అందరూ గొడుగనే అంటారు. పసిపిల్లల్ని తాకిన ప్రతి చెయ్యీ, వాళ్ళకి తగిలిన ప్రతి దెబ్బా రోజుల వారీగా వాళ్ళ ఒంట్లో చుట్టుకుని ఉంటాయట. ఫలానా రోజు కావాలంటే గొడుగు ఆ రోజుని ఉండలోంచి దారం లాగినట్టు బయటికి లాగి, కాగితం మీద గీతలు గీస్తుంది. చెయ్యికీ చెయ్యికీ తేడా చెబుతుంది. అబద్ధం చెప్పదు. కాకపోతే లాగిన దారాన్ని మళ్ళీ ఉండకి చుట్టడం ఇంతవరకు ఎవరి తరమూ కాలేదు. చదివిన రోజు కాగితం మీదికి వస్తుంది, పిల్ల ఒంట్లోంచి పోతుంది.

ఒకటి రెండు రోజులు పోయినంత మాత్రాన ఏ పిల్లకీ ఏమీ కాలేదు. పదిహేను దాటితే ఏమవుతుందో చెప్పలేమని గొడుగుతో వచ్చిన పుస్తకంలోనే రాసి ఉంది. తల్లి ప్రత్యేకంగా ఒప్పుకుంటే తప్ప ఇరవై ఒకటి దాటకూడదని కూడా ఉంది. అందుకే ఏ రోజు చదవాలో చరిత్ర రాసినవాళ్ళే తేల్చి, సంతకం పెట్టి చీటీ ఇవ్వాలి. చీటీ లేని రోజుని డాక్టరు కూడా ముట్టుకోడానికి వీల్లేదు. గొడుగు వచ్చిన ఆరేళ్ళలో ఇందుమతి ఏ పిల్లకీ రెండు రోజులకి మించి చీటీ ఇవ్వలేదు. అది ఆమె గర్వం. గర్వపడాల్సిన విషయమే, కాదనను. కానీ ఆ గర్వమే ఒకరి కొంప ముంచింది.

ఆ రోజు సోమవారం. హార్బరు దగ్గరి పేట నుంచి నూకరత్నం అనే ఇరవై రెండేళ్ళ పిల్ల తన కూతుర్ని తీసుకొచ్చింది. హన్వికకి నాలుగు నెలలు నిండవస్తున్నాయి. రెండు రోజులుగా తాగిన పాలు తాగినట్టే కక్కేస్తోంది, మాడు ఉబ్బింది. స్కానింగు తీస్తే తలలో రక్తం కనిపించింది. తాజాది కాదు. వారం నుంచి నాలుగు వారాల మధ్య ఎప్పుడో చేరినది. మందులతో ఉబ్బు అదుపులోకి తెచ్చారు, ఆపరేషనుకి కొన్నాళ్ళు ఆగొచ్చన్నారు.

"దెబ్బ తగిలిందా?" అని అడిగితే తల్లి లేదంది. అంత రక్తం దానంతటది రాదు. నియమం ప్రకారం శిశు సంక్షేమ కమిటీకి కబురు వెళ్ళింది, శుక్రవారం వస్తామన్నారు. ఆలోగా కారణం తేలకపోతే పిల్లని తల్లి దగ్గర ఉంచరు, శిశుగృహానికి పంపుతారు. తల్లి మీద కేసు వేరే.

తల్లి నుంచి చరిత్ర తీసుకునేటప్పుడు గదిలో ఇంకెవరూ ఉండకూడదు. ఈ మాట ఇందుమతి ఎంతమంది కొత్తవాళ్ళకి బోధించిందో లెక్కలేదు. ఆ రోజు మాత్రం అత్తగారు అప్పాయమ్మ కోడలితో పాటు లోపలికొచ్చి కూర్చుంటే పొమ్మనలేకపోయింది. ఎందుకంటే అప్పాయమ్మ అలాంటి మనిషి. చేపల బజారులో ముప్పై ఏళ్ళు కూర్చున్న గొంతు, ఏనుగుకున్నంత జ్ఞాపకశక్తి. సముద్రం మీద బతికే ఇల్లు గనక రోజుల్ని ఆటుపోట్లని బట్టి, తిథుల్ని బట్టి లెక్క పెడుతుంది.

"ఏకాదశి నాడు ముక్కు కారిందండి, వాము నీళ్ళు కాసేను. ద్వాదశికి తగ్గింది. చతుర్దశి నాడు తలంటేనండి, నేనే. కాళ్ళ మీద పడుకోబెట్టుకుని, జాగర్తగానేనండి. పాడ్యమి పొద్దున్న లేచేసరికి పిల్ల ఒళ్ళు పేలిపోతంది. అప్పట్నించే అదోలా ఉందండి. ఆ జ్వరం తగ్గింది గానీ ఆ కళ మళ్ళీ రాలేదు."

గోడ మీద క్యాలెండరు చూసుకుంటూ ఇందుమతి తిథుల్ని తేదీల్లోకి మార్చి రాసుకుంటూ పోయింది. ఇంత చక్కగా చెప్పే మనిషి దొరికి ఎన్నేళ్ళయిందో. పక్కన నూకరత్నం తల వంచుకుని, పిల్ల పాదాన్ని బొటనవేలితో రాస్తూ కూర్చుంది.

"అంతేనా రత్నం?"

"అంతేనండి."

"టీకాల కార్డు?"

నూకరత్నం ఒక్క క్షణం ఆగింది. "ఎక్కడో పడిపోయిందండి."

ఆ గడిలో 'కార్డు లేదు' అని రాసింది. ఎన్నో పేజీ అని నన్నడిగితే చెప్పగలను, పదిహేడో పేజీ. ఆరోగ్య కేంద్రానికి ఒక్క ఫోను చేస్తే తేలిపోయేది. చేద్దామనుకుంది కూడా. ఈలోగా అప్పాయమ్మ మళ్ళీ అందుకుంది.

"పాడ్యమికి ముందురోజా? అమావాస్య అండి. మా ఇంట్లో అమావాస్య నాడు ఎవరూ గడప దాటరు. మా పెద్దోడు అమావాస్య నాడు వద్దురా అంటే వినకుండా వేటకెళ్ళేడండి. పడవ దొరికింది, ఆడు దొరకలేదు. ఇప్పుడు చిన్నోడూ సముద్రం మీదే ఉన్నాడు. ఆ రోజు నేనొక్కదాన్నే బజారుకెళ్తాను, నాకేవైనా పర్లేదని. పిల్లనీ తల్లినీ కదలనివ్వను."

నూకరత్నం తల ఇంకా కిందికి వంగింది. ఇందుమతి ఆ వంగడాన్ని దుఃఖమనుకుంది.

సాయంత్రం మోజెస్ ఫారం తిరగేసి, "పాడ్యమి సరే. దానికి ముందురోజు కూడా తీసేద్దామా? రెండింటికీ చీటీ రాయండి," అన్నాడు.

"అమావాస్య వదిలేయండి డాక్టరుగారూ. పిల్ల ఇల్లు కదల్లేదు. ఒక రోజన్నా దాని దగ్గర మిగలనివ్వండి," అంది ఇందుమతి. తన పనికి తనే మురిసిపోతూ ఒక్క చీటీ రాసింది. నూకరత్నానికి ఒప్పుకోలు కాగితం చదివి వినిపించి, "ఒక్క రోజేనమ్మా, భయపడకు," అని ధైర్యం చెప్పింది.

మంగళవారం హన్వికని గొడుగు కింద పడుకోబెట్టారు. పిల్లకి నొప్పి ఉండదు. ఊచలు మెల్లగా తిరుగుతుంటే కళ్ళప్పగించి చూసింది. కాగితం మీద గీతలు పడ్డాయి. నుదుటి మీద తడిగుడ్డ. రొమ్ము. భుజం మీద వేసుకుని నడిచిన నడక. గంటల తరబడి అదే చెయ్యి, తల్లిది. మధ్యమధ్య ఇంకో చెయ్యి, పొలుసు గీరి గీరి గరుకెక్కిన అరచెయ్యి, అది నాయనమ్మది. దెబ్బ లేదు.

బుధవారం మోజెస్ మొహం చూడకుండా చెప్పాడు. "శుక్రవారం దగ్గరికొస్తోంది. జ్వరం వల్ల మనం పాడ్యమి అనుకున్నాం. తర్వాతెప్పుడో తగిలి ఉండొచ్చు. విదియ నుంచి వారం కిందటి ద్వాదశి దాకా రాయండి."

పదకొండు చీటీలు. ఇందుమతి పెన్నుకి మూత పెట్టేసింది. రాయకపోతే పిల్లని తల్లి నుంచి తీసుకుపోతారు. రాస్తే పిల్ల నుంచి తల్లి ఎంత పోతుందో తెలియదు. మధ్యాహ్నం భోజనానికి ఇంటికెళ్ళి, కంచం ముందు కూర్చుని లేచిపోయింది. "ఇవాళ నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదేంటి?" అని భర్త నవ్వబోయి, ఆమె మొహం చూసి ఊరుకున్నాడు. తిరిగొచ్చి పదకొండూ రాసింది.

దెబ్బ లేదు. నీళ్ళు పోయడం, పౌడరు అద్దడం, పొట్ట మీద ముద్దు పెట్టడం, ఉయ్యాల ఊపడం. ఏ రోజు చూసినా అదే. ఇంత ప్రేమని గజాల లెక్కన కాగితం మీద చూడటం ఇందుమతికి అదే మొదటిసారి. అది ఇప్పుడు కాగితం మీద తప్ప ఇంకెక్కడా లేదు.

ఆ సాయంత్రం పాలివ్వడానికి నూకరత్నం ఒళ్ళోకి తీసుకుంటే హన్విక కాసేపు తడుముకుంది. ఆకలికి తాగింది. తాగుతూ ఎప్పుడూ తల్లి జాకెట్టు అంచు పట్టుకునేదట. ఆ రోజు పట్టుకోలేదు.

గురువారం మిగిలిన వైపు. అమావాస్యకి ముందు తొమ్మిది రోజులు, నాలుగు వారాల కిందటి షష్ఠి నుంచి చతుర్దశి దాకా. వెనకటి పన్నెండుతో కలిపితే ఇరవై ఒకటి. ఇందుమతి సంతకాలు పెట్టేటప్పుడు చీటీల వంక చూడలేదు. చతుర్దశి నాడు అప్పాయమ్మ తలంటిన గీతల దగ్గర మోజెస్ ముందుకు వంగాడు. వేళ్ళు మాడు చుట్టూ తిరిగాయి, మాడుని మాత్రం తాకలేదు. అంత జాగ్రత్త. ఆయన వెనక్కి వాలి కళ్ళజోడు తీశాడు.

"ఇందుమతిగారూ, ఇంక మిగిలింది ఒక్కటే రోజు. మీరు వదిలేయమన్నది."

మూడు రోజుల కిందట వంగిన ఆ తల, ఒక్క క్షణం ఆగిన ఆ జవాబు, పదిహేడో పేజీ, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు నిలబడ్డాయి. ఇరవై ఆరేళ్ళ సర్వీసు, ఒక్క అత్తగారి గొంతు ముందు ఎందుకూ కొరగాకుండా పోయింది.

వార్డుకి పరుగున వెళ్ళింది. అక్కడ హన్విక గుక్క పట్టి ఏడుస్తోంది. నూకరత్నం ఎత్తుకుని ఊపుతుంటే పిల్ల ఒళ్ళు బిగదీసి, మొహం తిప్పేసి, వెనక్కి వెనక్కి వాలిపోతోంది. ఆయా అందుకుంది. ఆయా దగ్గరా అదే ఏడుపు. ఎవరైనా ఒకటే దానికి.

"నన్ను చూట్టం లేదండి," అంది నూకరత్నం. గొంతులో ఏడుపు లేదు, కళ్ళలో పిచ్చిచూపు ఉంది. "మేడంగారూ, ఇది నన్ను ఎవరో అనుకుంటంది."

ఇందుమతి అప్పాయమ్మ భుజం మీద చెయ్యేసి బయటికి పంపించి తలుపు మూసింది. సోమవారం చెయ్యాల్సిన పని గురువారం చేసింది.

"అమావాస్య నాడు ఎక్కడికెళ్ళావమ్మా?"

నూకరత్నం మూసిన తలుపు వంక చూసి, మంచం పక్కన కింద కూర్చుంది.

"సూది మందుకండి. మూడోది. ఆ బుధవారం దాటితే మళ్ళీ వారం ఆగాలని సిస్టరమ్మ చెప్పింది. వీధిలో ఒక పిల్లకి కోరింత దగ్గు వచ్చి నీలిగిపోయిందండి, నా కళ్ళతో చూసేను. అత్త బజారుకెళ్ళగానే ఆటోలో ఎల్లేను. వచ్చేటప్పుడు రైలు గేటు దగ్గర గతుకులో ఆటో ఎగిరిపడింది. పిల్ల తల ఊచకి కొట్టుకుంది. రవ్వంత ఏడ్చిందండి, వెంటనే ఊరుకుంది. బొప్పి కూడా కట్టలేదు. నేనదేం పెద్ద దెబ్బనుకోలేదు. తర్వాత్రోజు జ్వరం సూది మందు వల్లే అనుకున్నాను."

"నాకు చెబితే పోయేది కదమ్మా."

"అత్త పక్కనుందండి. ఆయన సముద్రం మీదున్నాడు. అమావాస్య నాడు గడప దాటేనని ఆవిడకి తెలిసి, రేపు ఆయనకేవైనా అయితే? నా మొగుణ్ణి నేనే చంపుకున్నట్టు అవదా? మీరు ఒక్క రోజే అన్నారు. ఒక్క రోజే కదా, ఆ మిషను ఏమీ లేదని చెబుతాది, పిల్లని తీసుకుని ఎళ్ళిపోదాం అనుకున్నానండి. తర్వాత్తర్వాత నోరు రాలేదు."

టీకాల కార్డు రవికె లోపలి నుంచి తీసి ఇచ్చింది. చెమటకి నాని మెత్తబడిపోయింది. మూడో డోసు గడిలో తేదీ, సంతకం, స్పష్టంగా ఉన్నాయి.

శుక్రవారం పొద్దున్నే ఇందుమతి ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి రిజిస్టరు నకలు తెచ్చింది. కమిటీవాళ్ళు చూసి తల ఊపారు. సూది వేయించినట్టు రుజువైంది గానీ ఆటోలో ఏం జరిగిందో రిజిస్టరు చెప్పదు కదా అన్నారు. ఒకసారి అబద్ధం చెప్పిన మనిషి మాట మీద పిల్లని ఎలా వదిలేస్తామన్నారు. వాళ్ళ మాటలోనూ న్యాయం ఉంది, అదే బాధ. ఆటోవాడి నంబరు ఎవరికీ తెలియదు. మిగిలింది గొడుగు. ఇరవై రెండో రోజు చదవాలంటే తల్లి ప్రత్యేకంగా ఒప్పుకోవాలి.

ఈసారి ఇందుమతి ధైర్యం చెప్పలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పింది. "మూడో నెల దాటాకే పిల్ల తల్లిని తల్లిగా పట్టుకుంటుంది రత్నం. ఆ పట్టు కుదిరేది ఈ రోజుల్లోనే, అవి పోతే తర్వాతి వారం రోజులూ దేన్నీ ఆనుకుని నిలవలేవు. మేము చదివేశాం. ఇంక మధ్యలో ఈ ఒక్క రోజే ఉంది. చదివితే పిల్ల నీకు వస్తుంది. కానీ ఆ రోజు కూడా పోతుంది."

"చదవకపోతే?"

"ఆ రోజు దానికుంటుంది. నువ్వుండవు."

నూకరత్నం కూతురి వైపు తిరిగి, దాని దుప్పటి సర్దింది. తర్వాత పెన్ను అడిగింది.

అమావాస్య కాగితం మీదికి వచ్చింది. సూది గుచ్చిన చోట తొడ మీద చిన్న ముల్లు లాంటి గీత. ఆ తర్వాత ఆటో కుదుపులు. ఒక్కచోట గీతలన్నీ ఎగిరాయి. మోజెస్ అక్కడ కాగితం ఆపి, కమిటీవాళ్ళని దగ్గరికి పిలిచి వేలు పెట్టి చూపించాడు. ఊచ దెబ్బకి ముందు, రెప్పపాటు ముందు, పిల్ల తల వెనక తల్లి కుడి అరచెయ్యి పడింది. ఊచకీ తలకీ మధ్య ఆ చెయ్యి నలిగింది. మొత్తం ఆపలేకపోయింది, ఆపగలిగినంత ఆపింది.

"ఆ చెయ్యి లేకపోతే పిల్ల ఆటోలోనే పోయేది," అన్నాడు మోజెస్.

కమిటీవాళ్ళు కేసు మూసేశారు. పిల్లకి ఆపరేషను చేసి తలలో చేరినది తీసేశారు. ప్రాణానికి భయం లేదన్నారు. నూకరత్నం భర్త సత్తిబాబు సముద్రం మీది నుంచి క్షేమంగా వచ్చాడు. బుట్టెడు పీతలు తెచ్చి, కూతుర్ని ఎత్తుకోబోయి, అది ఏడిస్తే, "నన్ను మర్చిపోయిందే!" అని నవ్వాడు. వార్డులో ఇంకెవరూ నవ్వకపోయేసరికి బుట్ట అక్కడే దించేశాడు.

డిశ్చార్జి నాడు నూకరత్నం ఇందుమతి గదికొచ్చింది. దణ్ణం పెట్టలేదు, తిట్టలేదు. నిలబడే అడిగింది.

"ఆ కాగితాలు నాకిస్తారా అండి?"

"దేనికమ్మా?"

"ఏ రోజు ఎలా ఎత్తుకున్నానో, ఎక్కడ ముద్దు పెట్టుకున్నానో అందులో ఉంది కదండీ. నాకు గుర్తు లేదు. రోజూ చేసే పని ఎవరికి గుర్తుంటాదండి? అన్నీ మళ్ళీ వరసగా చేస్తాను. మొదటి రోజు నించీ."

అలా చేస్తే తిరిగి వస్తుందని ఏ పుస్తకంలోనూ లేదు. ఆ సంగతి ఇందుమతికి తెలుసు. కాగితపు చుట్టలు సంచిలో పెట్టుకుని, "నీకు ఆ గీతలు చదవడం రాదు. నేనొస్తాను," అంది.

ఆ రోజు నుంచి రోజూ సాయంత్రం నాలుగింటికి డ్యూటీ దిగి హార్బరు పేటకి వెళ్ళింది. వలలు ఆరేసిన సందులో రేకుల ఇల్లు. రోజుకొక తిథి. ఆమె చుట్ట విప్పి చదువుతుంది, నూకరత్నం చేస్తుంది.

"షష్ఠి. పొద్దున్న ఎడమ భుజం మీద వేసుకున్నావు. వీపు మీద మూడుసార్లు తట్టావు. తర్వాత పాలు."

నూకరత్నం భుజం మీద వేసుకుంది, మూడుసార్లు తట్టింది. హన్విక ఏడ్చింది.

"అష్టమి. నీళ్ళు పోశాక అరికాళ్ళ మీద ఊదావు."

ఊదింది. ఏడ్చింది.

అప్పాయమ్మ ఎప్పుడూ గడప మీద కూర్చుని వినేది. అమావాస్య సంగతి ఆవిడకీ తెలిసిపోయింది, అయినా కోడల్ని పల్లెత్తు మాట అనలేదు. ముందంతా అమావాస్య మాట వస్తుందేమోనని నూకరత్నం బిక్కచచ్చిపోయేది, కానీ ఆ మాట రాలేదు. నాలుగో రోజున మాత్రం ముసలావిడ మెల్లగా అడిగింది. "నా చెయ్యి కూడా తెలుస్తాదాండీ అందులో?"

"తెలుస్తుందండి."

"చతుర్దశి నాడు తలంటేను కదా. ఆ రోజు వచ్చినప్పుడు చెప్పండి. నూనె కాచి ఉంచుతాను."

తొమ్మిదో రోజున నూనె కాచింది. కాళ్ళు చాపుకుని పిల్లని పడుకోబెట్టుకుని, ఆపరేషను కుట్లు తప్పించి, వేళ్ళతో మాడు చుట్టూ రాసింది. "నేను అంత గట్టిగా ఉండకపోతే రత్నం నాతో చెప్పేది," అంది, ఎవరితోనో కాదు, ఇందుమతితోనే. ఆ తప్పులో సగం తనది. సగానికి ఎక్కువే తనది.

పదో రోజు.

చుట్ట విప్పుతుంటే నూకరత్నం మోకాళ్ళ మీద ముందుకు జరిగింది. "అమావాస్య కదండీ. ఇవాళ ఏం చెయ్యాలి?"

ఇందుమతి పొద్దుటి గీతలు వరసగా చదివింది. ఉగ్గు, నీళ్ళు, కొత్త గౌను. సూది ఉన్న చోట చదవకుండా దాటేసింది. ఆటో గీతలు వచ్చాయి. గీతలు ఎగిరిన చోటు వచ్చింది. ఆమె అక్కడ వేలు ఆపింది.

"నీ కుడి అరచెయ్యి, పిల్ల తల వెనక," అంది. "గట్టిగా. దెబ్బకి ముందే."

నూకరత్నం అరచెయ్యి కూతురి తల వెనక పెట్టింది. మెటికల మీద ఊచ నలిపిన మచ్చ ఇంకా నల్లగా ఉంది. పెట్టి అలాగే ఉంచింది. గడప మీంచి అప్పాయమ్మ లేచి నిలబడింది. హన్విక ఆ మొహం వంక కాసేపు చూసింది, కొత్తవాళ్ళని చూసినట్టు. పెదవులు వంకర తిప్పింది. ఏడుపు అందుకుంది.

నూకరత్నం చెయ్యి తియ్యలేదు. ఆ ఏడుపు మీదుగానే అడిగింది.

"రేపు ఏ రోజండీ?"

ఇందుమతి సంచిలోంచి తర్వాతి చుట్ట తీసింది. దాని అంచుకి చీటీ కుట్టి ఉంది, తన సంతకంతో.

"పాడ్యమి," అంది.